దీపాలు తర్వాత, ముందు మా 'జిల్లా' విరగకుండా చూడండి: కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

నమస్కారం.

మండల కార్యాలయాలకు మీ శాఖ ఇచ్చిన మెయిల్ ప్రోగ్రాం గురించి ఈ లేఖ. మెయిళ్లూ సర్క్యులర్ల గ్రూపులూ ఒకే చోట ఎందుకు పెట్టారో, ఎవరి కోసం పెట్టారో మీకు తెలిసిందే, మళ్లీ చెప్పం. హెల్ప్‌డెస్క్‌కు ఏ అర్జీ పెట్టినా ఒకటే జవాబు: "మీ సూచన నమోదైంది. తదుపరి వెర్షన్‌లో పరిశీలిస్తాం." తదుపరి వెర్షన్ వచ్చింది. బటన్లు గుండ్రంగా మారాయి. తెరవగానే శుభోదయం అంటోంది. పండగ రోజు ఓ మూలన దీపం వెలుగుతోంది. చాలా సంతోషం సార్. నమోదైన సూచనలు మాత్రం నమోదయ్యే ఉన్నాయి.

అన్నిటికంటే పెద్ద కిరికిరి సబ్జెక్ట్ లైనుతో. తెలుగులో రాసిన సబ్జెక్ట్ అలాగే పోదు. బేస్64 అనే పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలుగా మారి, ముక్కలు ముక్కలుగా పోతుంది. ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు. ముందూ వెనుకా పెట్టే గుర్తులకు 12 పోతే 63 మిగులుతాయి. బేస్64 నాలుగేసి అక్షరాల లెక్కన నడుస్తుంది కాబట్టి 60 వాడుకోవచ్చు. ప్రతి 3 బైట్లూ 4 అక్షరాలవుతాయి కాబట్టి, ముక్కకు 45 బైట్లు. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమైనా, గుణింతం గుర్తయినా, పొల్లయినా ఒక్కోటి 3 బైట్లు. మొత్తం 15 గుర్తులు పడతాయి.

ఇప్పుడు 'మహబూబ్‌నగర్ జిల్లా' అని కొట్టి చూడండి. మహబూబ్‌నగర్‌కు, మధ్యలో కనపడకుండా ఉండే విడదీసే గుర్తుతో కలిపి, 33 బైట్లు. ఖాళీకి 1. జిల్లాకు 18. మొత్తం 52. మన ప్రోగ్రాం ఏం చేస్తుందంటే, అక్షరం ఎక్కడ ముగిసిందో చూడకుండా సరిగ్గా 45వ బైటు దగ్గర కోసేస్తుంది. 'జిల' దాకా బాగానే వస్తుంది. తర్వాత రావాల్సిన పొల్లులో రెండు బైట్లు ఈ ముక్కలో, మూడోది తర్వాతి ముక్కలో పడతాయి. అవతల చదివేవాళ్లకు 'జిల', ప్రశ్నార్థకాలున్న నల్ల డైమండ్లు, ఆ తర్వాత 'లా' కనిపిస్తాయి. 'నల్లగొండ జిల్లా' అయితే 43 బైట్లే కాబట్టి బయటపడుతుంది. నల్లగొండవాళ్లు మరీ మురిసిపోనక్కర్లేదు. ఆ తర్వాత ఒక ఖాళీ పెడితే మిగిలేది ఒక్క బైటు. తర్వాతి మాట 'రైతు' అనుకోండి, 'ర'లో ఒక వంతు ఇటు, రెండు వంతులు అటు.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన వైద్యం కాదు. ఒక అక్షరాన్ని రెండు ముక్కల మధ్య చీల్చకూడదని ఆర్‌ఎఫ్‌సీ 2047 అనే ఇంటర్నెట్ ప్రమాణంలో 1996లోనే రాసి పెట్టారు. పంపేటప్పుడు 45కు లోపల అక్షరం పూర్తయిన చోట ఆపితే చాలు. అందుకునేటప్పుడు కూడా పక్కపక్కన ఉన్న ముక్కల బైట్లన్నీ ముందు కలిపి, ఆ తర్వాతే అక్షరాలుగా మారిస్తే, ఇప్పటికే విరిగి ఇన్‌బాక్సుల్లో పడి ఉన్న సబ్జెక్టులు కూడా అతుక్కుంటాయి. కానీ ఒకసారి ఫార్వర్డ్ చేసినవి బాగుపడవు. ఫార్వర్డ్ చేసేటప్పుడు మన ప్రోగ్రాం ఆ డైమండ్లనే అసలు అక్షరాలనుకుని పదిలంగా మళ్లీ ఎన్‌కోడ్ చేసి (అంటే బైట్లుగా మార్చి) పంపుతుంది. అందుకే ఆలస్యమైన కొద్దీ పాడైన కాగితాలు పెరుగుతూనే ఉంటాయి.

చూడటానికి బాగోదు, అంతేగా అనుకుంటారేమో. 'సబ్జెక్ట్‌లో జిల్లా అని ఉంటే ఈ ఫోల్డర్‌లో వెయ్యి' అని ఫిల్టర్ పెట్టుకున్నవాళ్లకు ఆ మెయిల్ ఆ ఫోల్డర్‌లోకి రాదు. కనపడని మెయిల్‌కు గడువు దాటిపోతుంది. తాఖీదు మాత్రం ఆపరేటర్‌కు వస్తుంది, దాని సబ్జెక్ట్ ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి ఎక్కడా విరగదు.

వెతుకులాట ఇంకో పరేషాన్. నల్లగొండ అని రాసేవాళ్లు ఉన్నారు, నల్గొండ అని రాసేవాళ్లు ఉన్నారు. మహబూబ్‌నగర్‌ను కొందరు మధ్యలో ఖాళీతో, కొందరు ఆ కనపడని గుర్తుతో, కొందరు రెండూ లేకుండా కలిపి రాస్తారు. కంటికి దాదాపు ఒకటే, ప్రోగ్రాంకు మూడు వేర్వేరు ఊర్లు. పాత పేరు 'పాలమూరు' అని వెతికితే మహబూబ్‌నగర్ రావాలని మేం అడగడం లేదు సార్, అంత ఆశ లేదు. కానీ పోల్చే ముందు కనపడని గుర్తులను పక్కన పెట్టమనడం పెద్ద కోరిక కాదు. ఐత్వంతో కూడా ఇదే గొడవ. 'రైతు'లోని ఐత్వాన్ని, అక్షరాలకు కోడ్ నంబర్లిచ్చే యూనికోడ్‌లో ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వం ప్లస్ కింది గుర్తుగా రెండు కోడ్‌లతోనూ రాయొచ్చు. రెండూ సమానమని యూనికోడే చెప్తోంది. నార్మలైజేషన్ చేసి, అంటే రెండిటినీ ఒకే రూపానికి తెచ్చి పోలిస్తే రెండూ దొరుకుతాయి. ఇప్పుడు ఒకటి దొరికితే ఇంకోటి దొరకదు. పైగా 'మొత్తం పదం' అన్న ఆప్షన్‌కు టిక్ తీసేసే వీల్లేదు. 'మండలం' అని వెతికితే మండలానికి, మండలంలో, మండలాల ఏవీ రావు. తెలుగు మాటకు చివర విభక్తి తగులుతుందని ఆ టిక్ పెట్టినవాళ్లకు ఎవరైనా చెప్పండి. పదం మొదలుతో వెతికే వీలు, చివరి సున్నాను పట్టించుకోకుండా వెతికే వీలు, రెండూ కావాలి.

పాత వెర్షన్‌లో వ్యూ మెనూలో ఎన్‌కోడింగ్ మార్చుకునే వీలుండేది. దాన్ని ఎందుకు తీసేశారో అర్థం కాదు. అవతలి సర్వర్ ఎన్‌కోడింగ్ పేరు పెట్టకుండా పంపిన మెయిల్‌ను ప్రోగ్రాం విండోస్-1252 అనే పాశ్చాత్య భాషల ఎన్‌కోడింగ్ అనుకుని చదువుతుంది. తెలుగు అక్షరానికి మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండిట్లో ఒకటి. అందుకే పేజీ నిండా నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో బారులు తీరి ఉంటాయి. పాత మెనూలో యూటీఎఫ్-8 ఎంచుకుంటే తెలుగు వచ్చేసేది. ఇప్పుడు పంపినవాళ్లకు ఫోన్ చేసి, వాట్సాప్‌లో పెట్టమని అడుక్కోవాలి. ఆ మెనూ తిరిగి పెట్టండి, శుభోదయం మేమే చెప్పుకుంటాం.

జవాబులను గుదిగుచ్చే తీరు చూడండి. సబ్జెక్ట్ ఒకటే అయితే చాలు, అన్నీ ఒకే దండలో గుచ్చేస్తోంది. ప్రతి సోమవారం 'ప్రజావాణి అర్జీలు' అనే సబ్జెక్ట్‌తోనే మెయిల్ వస్తుంది. వారం వారం వేర్వేరు అర్జీలు, అన్నీ ఒకే థ్రెడ్. ఈ వారం జవాబు ఎవరిచ్చారో చూడాలంటే నెలల కింది నుంచి దిగాలి. ఇంకోపక్క ఎవరైనా జవాబిస్తూ సబ్జెక్ట్‌లో ఒక్క అక్షరం దిద్దితే ఆ జవాబు వేరే దారి పడుతుంది. ప్రతి మెయిల్‌కూ ఒక మెసేజ్-ఐడీ ఉంటుంది. జవాబులో 'ఇన్-రిప్లై-టు', 'రిఫరెన్సెస్' అనే హెడర్లలో (మెయిల్ మొదట్లో ఉండే వివరాల వరుసల్లో) ఆ ఐడీ ఉంటుంది. వాటిని బట్టి గుచ్చడమే సరైన పద్ధతి. నెట్‌స్కేప్ మెయిల్‌లో వాడిన పద్ధతిని ప్రోగ్రామర్ జేమీ జవిన్‌స్కీ మెట్టు మెట్టుగా రాసి అందరికీ అందుబాటులో పెట్టారు. సబ్జెక్ట్‌ను చివరి ఆసరాగానే వాడాలి.

ఇక గ్రూపులు. సర్క్యులర్‌ను అందరి ఇన్‌బాక్సులకూ పంపకుండా సర్వర్‌లో ఒకే ప్రతి ఉంచి, ఎవరికి కావాలంటే వాళ్లు చదువుకునేలా పెట్టడం నిజంగా మంచి ఆలోచన. దానికి వాడే ఎన్‌ఎన్‌టీపీ అనే పద్ధతి పుట్టింది 1986లో, ఇప్పటికీ పనికొస్తుంది. ఆ మంచి ఆలోచనను ప్రోగ్రాం ఆగమాగం చేస్తోంది. రెవెన్యూ గ్రూపుకూ పంచాయతీ గ్రూపుకూ సంబంధించిన సర్క్యులర్‌ను ఒకేసారి రెండింటికీ క్రాస్‌పోస్ట్ చేస్తే, ఒకచోట చదివితే రెండోచోట కూడా చదివినట్టు గుర్తు పడాలి. ఎక్స్‌రెఫ్ హెడర్ ఉన్నది అందుకే. మన ప్రోగ్రాం దాన్ని చూడనే చూడదు. పైగా రాసే కిటికీలో రెండో గ్రూపు పేరు చేర్చే చోటే లేదు కాబట్టి, పంపేవాళ్లు విడివిడిగా రెండుసార్లు పోస్ట్ చేస్తున్నారు. అప్పుడు అవి సర్వర్ లెక్కలో రెండు వేర్వేరు కాగితాలు, ఎక్స్‌రెఫ్ కూడా కాపాడలేదు.

అంతకన్నా ముఖ్యం సవరణలది. ఒక సర్క్యులర్‌లో తేదీ తప్పు పడితే సవరించింది ఇంకోటి వేస్తారు. పాతది అక్కడే ఉంటుంది. ఒక మండలం పాతది పాటిస్తుంది, పక్క మండలం కొత్తది పాటిస్తుంది. ఇద్దరి దగ్గరా సర్క్యులర్ ఉంది, ఎవర్నీ అనడానికి లేదు. 'సూపర్‌సీడ్స్' అనే హెడర్ దీనికోసమే ఉంది, 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5536లో చూడొచ్చు. పంపేవాళ్లకు 'దీని బదులు' అని ఒక బటన్ ఇవ్వండి. చదివేవాళ్లకు పాతదాని మీద 'రద్దయింది, కొత్తది ఇదిగో' అని కనిపించాలి. పాతదాన్ని పూర్తిగా మాయం చేయకండి, ఆడిట్‌లో అడుగుతారు.

ఏది చదివామో ఏది చదవలేదో అన్న గుర్తు సర్వర్ ఇచ్చే వరుస నంబర్లతో, ఆ కంప్యూటర్‌లోనే ఉంటోంది. సర్వర్ మారి నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలైతే అంతా తలకిందులు. మెసేజ్-ఐడీతో కలిపి దాచండి, ఎగుమతి చేసుకునే వీలివ్వండి. గ్రీటింగులను కిందికి నెట్టే స్కోరింగ్ కూడా ఉంటే బాగుంటుంది. పెద్ద సార్ల పుట్టినరోజు శుభాకాంక్షల మధ్య నుంచి తాగునీటి సర్క్యులర్ ఏరుకోవాల్సి వస్తోంది.

అమ్రాబాద్, చందంపేట వైపు సిగ్నల్ ఎలా ఉంటుందో తమకు వేరే చెప్పాలా? ప్రోగ్రాం మాత్రం జాబితా చూపించడానికే మొత్తం మెయిల్ దించుకుంటుంది, జోడించిన ఫైళ్లతో సహా. బేస్64లో ప్రతి 3 బైట్లూ 4 అవుతాయి కాబట్టి 3 ఎంబీ స్కాన్ కాపీ 4 ఎంబీ దాటుతుంది. మధ్యలో లైన్ తెగితే మళ్లీ మొదటి నుంచి. మెయిల్ సర్వర్‌తో మాట్లాడే ఐమ్యాప్ పద్ధతిలో హెడర్లు మాత్రమే అడగొచ్చు, ఏ భాగం ఎంత సైజో ముందే తెలుసుకోవచ్చు, పాఠం ముందు తెచ్చుకుని ఫైలును తర్వాత దించుకోవచ్చు, ఆగిన బైటు దగ్గర్నుంచి మళ్లీ అందుకోవచ్చు. గ్రూపులకు కూడా ఓవర్ అనే ఆదేశంతో జాబితా ఒక్కటే వస్తుంది. సర్వర్ ఇవ్వగలిగినదాన్ని ప్రోగ్రాం అడగడం లేదు, అంతే.

ఫిల్టర్లలో రెండు షరతులు కలిపే వీలివ్వండి. వనపర్తి పాత కాగితాల మీద 2016 అక్టోబర్ దాకా, మక్తల్ వాటి మీద 2019 ఫిబ్రవరి దాకా మహబూబ్‌నగర్ జిల్లా అనే ఉంటుంది, ఆ తర్వాత అవి వేరే జిల్లాల్లోకి పోయాయి. ఊరి పేరు, తేదీ కలిపి అడగలేకపోతే ఏది ఎవరిదో తేలదు. రాస్తున్న జవాబు నిమిషానికోసారి దానంతటదే సేవ్ కావాలి, కరెంటు పోతే అంతా పోతోంది. 'అందరికీ జవాబు' బటన్‌ను 'జవాబు' బటన్‌కు దూరంగా జరపండి. 'అందింది సార్' అన్న మాట జిల్లా మొత్తానికి అందుతోంది.

ఇవన్నీ ఒకేసారి కావని మాకూ తెలుసు. అక్షరం చీలకుండా చేసే మార్పు చిన్నది, దానికి తదుపరి వెర్షన్ దాకా ఆగొద్దు, ఇప్పుడున్నదానికే ప్యాచ్ ఇవ్వండి. ఆ తర్వాత వెతుకులాట, సవరణల బటన్, ఎన్‌కోడింగ్ మెనూ. దీపం ఇంకో పండక్కి వెలిగించుకోవచ్చు. ఎక్కడ విరుగుతోందో చూపించే టెస్ట్ మెయిళ్లు, వాటి అసలు సోర్స్‌తో సహా, ఒక ఫోల్డర్‌లో సిద్ధం చేసి పెట్టాం. 'నమోదైంది' అని కాకుండా, వాటిని తెరిచి చూసే ప్రోగ్రామర్ ఎవరో, ఏ చిరునామాకు పంపాలో చెబితే ఆ రోజే పంపుతాం.

ఇట్లు,
నల్లగొండ, పాలమూరు మండల కార్యాలయాల కంప్యూటర్ ఆపరేటర్లు