రోబో జట్టు పనులు పిల్లలకే వదలండి

సంపాదకులకు,

చాలా హైస్కూలు రోబోటిక్స్ జట్లలో స్క్రూడ్రైవర్ చివరికి పెద్దల చేతికే పోతోంది. మెంటర్ దారి చూపితే చాలు. డిజైన్, వైరింగ్, ప్రోగ్రామింగ్ పిల్లలే చేయాలి. అమెరికన్ ఆవిష్కర్త డీన్ కామెన్ 1989లో స్థాపించిన ‘ఫస్ట్’ సంస్థ నడిపే రోబోటిక్స్ కాంపిటీషన్‌లో మూడేసి జట్లు కూటమిగా ఆడతాయి. ఈ మ్యాచ్‌లో ప్రత్యర్థి, తర్వాతి మ్యాచ్‌లో మన పక్కనే ఉండొచ్చు. అందుకే ఇతర రోబోల ఆట చూసి రాసుకునే స్కౌట్లు కూడా కావాలి. స్పాన్సర్ల లెక్కలు రాసేవాళ్లు సరేసరి. మా జట్టులో కోడ్ అంతా ఒక్క కుర్రాడికే తెలుసు. సరిగ్గా పోటీ రోజున అతనికి జ్వరం. ఇక మా టెన్షన్ చెప్పక్కర్లేదు! ప్రతి విభాగంలోనూ సీనియర్ పక్కన ఒక జూనియర్‌ను కూర్చోబెట్టమని స్కూళ్లను కోరుతున్నాను.

– ఒక రోబోటిక్స్ మెంటర్