తాళం ఇచ్చిన చేతులకూ బాధ్యత ఉంది

సంపాదకులకు,

కుర్రాళ్లు ఏదో నేరంలో పట్టుబడ్డారన్న వార్త వచ్చినప్పుడల్లా, గారాబంతోనే చెడిపోయారని, చిన్నప్పుడే నాలుగు తగిలించి ఉంటే దారిలో ఉండేవారని మన శ్రీకాకుళంలో చాలామంది తేల్చేస్తారు. గారాబం మాట కొంత నిజమే గాని, దెబ్బల మాట నేను ఒప్పుకోను. అమెరికా మనస్తత్వవేత్త డయానా బామ్‌రిండ్ 1960లలో పెంపకం తీరులను విడదీసి చూపినప్పుడు అతి సడలింపుతో పాటు మితిమీరిన కట్టడినీ తప్పుపట్టారు. ప్రేమ ఉండీ అడ్డు చెప్పలేకపోవడం వేరు, అసలు పట్టించుకోకపోవడం వేరు అని 1983లో మనస్తత్వవేత్తలు ఎలినార్ మెకోబీ, జాన్ మార్టిన్ గుర్తించారు. బాలల నేరాలతో గట్టిగా ముడిపడినవి పిల్లల రాకపోకలపై పెద్దల కన్ను లేకపోవడం, ఇంట్లో ఈసడింపు అని తరువాతి పరిశోధనల్లో తేలింది.

ఉద్దానం నుంచి చెన్నైకో హైదరాబాద్‌కో కూలికి వెళ్లి, పిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలిన తల్లిదండ్రులను నిందించలేం, బతుకుతెరువు అలాంటిది. నా ఫిర్యాదు ఇంట్లో ఉండి కూడా అడగనివారి మీద. మొన్న ఏడురోడ్ల కూడలిలో, నంబరు ప్లేటు పైకి మడిచిన బైకుపై ఇద్దరిని వెనక ఎక్కించుకుని వెళ్తున్న ఇంటర్ కుర్రాడిని పోలీసులు ఆపారు. పరుగున వచ్చిన తండ్రి కొడుకును పల్లెత్తు మాట అనకపోగా, "గుంటడు సరదా పడ్డాడు, ఏటయిపోనాదిప్పుడు?" అని పోలీసులనే నిలదీసి, ఎవరో నాయకుడితో ఫోన్ చేయించి బండి విడిపించుకున్నాడు. తాను ఏం చేసినా నాన్న చక్కబెడతాడని ఆ కుర్రాడు కళ్లారా చూశాడు. రేపు కొట్లాటలోనో గంజాయి సంచితోనో దొరికితే అదే ఫోన్ కోసం ఎదురుచూడడా?

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 199ఎ సెక్షన్ ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడిని లేదా యజమానిని దోషిగా పరిగణిస్తారు. మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా, పన్నెండు నెలలు రిజిస్ట్రేషన్ రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఉండదు. తనకు తెలియకుండా జరిగిందని గాని, ఆపడానికి తగిన జాగ్రత్త తీసుకున్నానని గాని రుజువు చేసుకుంటే తప్ప శిక్ష తప్పదు. ఇంత స్పష్టమైన చట్టం సిఫారసుల ముందు తలవంచితే తల్లిదండ్రులు మారాల్సిన అవసరమేముంది? జిల్లా పోలీసు అధికారులు ఈ సెక్షన్ కింద కేసులు నమోదు చేయాలని, జూనియర్ కళాశాలల యాజమాన్యాలు లైసెన్సు లేని విద్యార్థుల బళ్లను ఆవరణలోకి రానివ్వకూడదని కోరుతున్నాను.

— ఓ తల్లి, పాలకొండ రోడ్డు, శ్రీకాకుళం