ఆసుపత్రి బల్ల దగ్గర పేరు కనిపించాకే నమోదైనట్టు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాను. జిరాక్సులు, హాల్ టికెట్లు, పాన్ కార్డులు నా బతుకుతెరువు. కానీ మా బల్ల ముందు అందరికంటే ఎక్కువసేపు కూర్చునేది ఆరోగ్య పథకాల్లో పేరు ఎక్కించుకోవడానికి వచ్చిన పెద్దవాళ్ళు. ఫలానా పోర్టల్ పనిచేయడం లేదని ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. పేరు పెట్టి చెబితే ఆ ఒక్కదానికి అతుకు వేసి మిగతావాటిని అలాగే వదిలేస్తారని నా భయం.

2025 సెప్టెంబరులో మన మంత్రివర్గం సార్వత్రిక ఆరోగ్య విధానాన్ని ఆమోదించింది. కుటుంబానికి ఏడాదికి 25 లక్షల రూపాయల వరకు వైద్యం, అందులో మొదటి రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీలు, ఆపైన ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు భరించాలన్నది ఏర్పాటు. బీమా మనకు కొత్తేమీ కాదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైందే బీమా పద్ధతిలో. అయితే అప్పట్లో తెల్ల రేషన్ కార్డు పట్టుకుని వెళితే మిగతా సంగతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర చూసుకునేవారు. ఇప్పుడు ఒక కుటుంబం వివరాలు ప్రభుత్వ కంప్యూటర్లో సరిగా ఉండాలి, బీమా కంపెనీకి సరిగా చేరాలి, ట్రస్టుకు చేరాలి, చివరికి ఆసుపత్రి బల్ల దగ్గర కనిపించాలి. ఇన్ని చేతులు మారే చోట ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి మనం ప్రయోగాలు చేయనక్కరలేదు. అమెరికా వాళ్ళు చాలా ఖరీదైన ప్రయోగం చేసి, దాని మీద విచారణలు కూడా జరిపి, కాగితాలన్నీ బయట పెట్టారు.

గుంటూరులో అమెరికాలో పిల్లలున్న ఇళ్ళకు కొదవ లేదు కాబట్టి ఆ కథ మా కాలనీల్లో కొందరికి తెలుసు. వెలగపూడిలో ఫైళ్ళు చూసేవారికి కూడా తెలియడం మంచిది.

అక్కడ ఆరోగ్య బీమా చట్టం 2010లో వచ్చింది. 36 రాష్ట్రాల ప్రజలు బీమా ఎంచుకోవడానికి కేంద్ర ప్రభుత్వం కట్టిన హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే వెబ్‌సైటు 2013 అక్టోబరు 1న తెరుచుకుంది. మొదటి రోజు లక్షల మంది వచ్చారు. ఆ రోజు చివరిదాకా వెళ్ళి బీమాలో చేరగలిగినవారు ఆరుగురు. నేను సున్నాలు మర్చిపోలేదు, ఆరుగురే. అధికారుల అంతర్గత సమావేశాల నోట్సును తరువాత పార్లమెంటరీ కమిటీ బయటపెడితే తెలిసిన సంఖ్య ఇది. నెలంతా కలిపినా ఆ కేంద్ర వెబ్‌సైటు ద్వారా పథకం ఎంచుకున్నవారు 27 వేల లోపే.

జనం ఎక్కువై సర్వరు కూలిందని మొదట చెప్పారు. అది కొంతవరకే నిజం. ఏ బీమా ఎంతకు వస్తుందో చూడాలన్నా ముందు ఖాతా తెరవాలి, వ్యక్తి గుర్తింపు తేలాలి. చీరల కొట్లో చీర చూడాలంటే గుమ్మం దగ్గరే ఇంటి పత్రాలు చూపించమన్నట్టు. ఊరికే చూసి పోదామని వచ్చినవారు కూడా ఆ ఒక్క ఇరుకు గుమ్మంలోనే ఇరుక్కున్నారు. ఖాతా లేకుండా చూసే వీలు మొదటి ప్రణాళికలో ఉండేది, తెరవడానికి కొద్ది రోజుల ముందు పక్కన పెట్టేశారు.

అంతకంటే పెద్ద లోపం పరీక్షలో ఉంది. పదుల కంపెనీలు తలా ఒక ముక్క తయారుచేశాయి. ఎవరి ముక్కను వారు పరీక్షించుకున్నారు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు అన్నీ కలిపి పరీక్షించింది ఆఖరి రెండు వారాల్లోనే, నెలలు ఇవ్వాల్సింది అని ఆ కాంట్రాక్టర్లే అక్టోబరు 24న కమిటీ ముందు చెప్పారు. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ నెలల్లోనే బయటి సంస్థ చేసిన సమీక్ష ఈ ప్రమాదాన్ని ముందే చూపించింది. 2016లో అక్కడి ఆరోగ్య శాఖలో తనిఖీలు చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ ఇచ్చిన నివేదిక తేల్చింది కూడా ఇదే: పని చేసినవారు చాలామంది ఉన్నారు గానీ, మొత్తం పని నాది అని పూచీ పడ్డవారు లేరు. చెడ్డ కబురు పైదాకా వెళ్ళలేదు, వెళ్ళినచోట దాన్ని పట్టించుకోలేదు.

అక్టోబరు 30న అక్కడి ఆరోగ్య మంత్రి కాథ్లీన్ సెబీలియస్ కమిటీ ముందు కూర్చుని దీనికి బాధ్యత తనదేనని ఒప్పుకున్నారు. మన దగ్గర సర్వరు పనిచేయకపోతే బాధ్యత సర్వరుదే.

తరువాత వాళ్ళు సరిచేసుకున్నారు, అది కూడా చెప్పాలి. జెఫ్ జైంట్స్ అనే నిర్వాహకుణ్ణి మొత్తం పనికి పెద్దగా పెట్టారు, బయటి నుంచి కొద్దిమంది ఇంజనీర్లను తెచ్చారు, ఎక్కడ ఆగుతోందో క్షణక్షణం కనిపించే ఏర్పాటు చేసుకున్నారు. నవంబరు ఆఖరుకు వందల లోపాలు తీరాయి. 2014 ఏప్రిల్ నాటికి, రాష్ట్రాల సొంత వెబ్‌సైట్లతో కలిపి, 80 లక్షల మంది నమోదయ్యారు. ఇంతకీ అదే దేశంలో కెంటకీ రాష్ట్రం తన వెబ్‌సైటును తానే సాదాసీదాగా కట్టుకుని మొదటి రోజు నుంచీ నెట్టుకొచ్చింది. ఆరెగాన్ రాష్ట్రం పెద్ద హంగుతో మొదలుపెట్టి చివరికి కాగితం దరఖాస్తులు తీసుకుంది.

మీరు గుర్తుంచుకోవాలని నేను కోరేది మాత్రం వెబ్‌సైటు బయటి ముఖం గురించి కాదు. బయట నమోదు పూర్తయిందని తెర చెప్పాక కూడా, లోపల బీమా కంపెనీలకు వెళ్ళే వివరాల్లో తప్పులు పడ్డాయి. ఒకే మనిషి రెండుసార్లు, భార్య పేరు బిడ్డల వరుసలో, కొన్ని అసలు చేరనే లేదు. అక్టోబరు, నవంబరుల్లో వెళ్ళిన వివరాల్లో సుమారు నాలుగింట ఒకటి తప్పుగా ఉండవచ్చని అక్కడి అధికారులే డిసెంబరులో చెప్పారు. సర్వరు ఆగితే కనీసం కనబడుతుంది, పత్రికలు గోల చేస్తాయి. ఈ తప్పు మాత్రం రోగి ఆసుపత్రికి వెళ్ళేదాకా ఎవరికీ కనబడదు. రెండున్నర లక్షల దగ్గర చేయి మారే మన విధానంలో నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే.

ఇక మా ఊరి సంగతి.

మిర్చి యార్డు చుట్టుపక్కల తొడిమలు తీసే ఆడవాళ్ళ వేళ్ళను మీరు ఒకసారి చూడాలి. కారం మంటకు, ఏళ్ళ తరబడి రాపిడికి గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం మీద వేలు పెడితే ఎర్ర లైటు. తుడిచి పెట్టు, గట్టిగా నొక్కు, ఇంకో వేలు పెట్టు అని చెప్పి చెప్పి నాకే సిగ్గేస్తుంది. మంగళగిరి మగ్గాల మీద పనిచేసిన ముసలివారిదీ అదే అవస్థ. కంటి పాప, ముఖం, ఓటీపీ అనే దారులు ఉన్నాయని నాకు తెలుసు. ఓటీపీ ఎక్కడికి వెళుతుంది? ఆధార్ తీసుకున్న రోజుల్లో కొడుకు నంబరు ఇచ్చారు. ఆ కొడుకు ఇప్పుడు డల్లాస్‌లో ఉంటాడు, రీచార్జి లేక ఆ నంబరు ఇంకొకరి చేతికి వెళ్ళింది. ఆ ఇంకొకరెవరో మా పెద్దాయన ఆరోగ్య కార్డు ఓటీపీ అందుకుని విసుక్కుంటూ ఉంటారు.

పేర్ల గొడవ ఇంతకంటే పెద్దది. మన వాళ్ళకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఆధార్‌లో ఒక్క అక్షరం, రేషన్ కార్డులో పూర్తి ఇంటిపేరు, పింఛను పుస్తకంలో అసలు ఇంటిపేరే లేదు. సుబ్బాయమ్మ ఒకచోట, సుబ్బయమ్మ ఇంకోచోట. మనిషికి తేడా తెలియదు, కంప్యూటరుకు ఇద్దరు మనుషులు. పెళ్ళయిన కూతురి పేరు పుట్టింటి కార్డులో తీయలేదు కాబట్టి అత్తింటి కార్డులో ఎక్కదు. తెర మీద మాత్రం వివరాలు సరిపోలలేదని ఒక్క వాక్యం వస్తుంది, అదీ ఇంగ్లీషులో. ఏ వివరం, ఏ కార్డులో, ఎక్కడికి వెళ్ళి మార్చుకోవాలి? ఆ జవాబు నా దగ్గర ఉంటుందని జనం అనుకుంటారు.

వయసు సంగతి చెప్పనే అక్కరలేదు. 2024 అక్టోబరు 29న ప్రధానమంత్రి ప్రారంభించిన వయ వందన కార్డు 70 ఏళ్ళు నిండిన ప్రతివారికీ, ఆదాయంతో పని లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం ఇస్తుంది. మంచి పథకం, మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ వయసు లెక్క ఆధార్‌లో ఉన్నదే. పుట్టిన తేదీ తెలియని తరానికి ఆధార్ శిబిరంలో ఎవరో అంచనా వేసి జనవరి 1 అని రాశారు. అలా కాగితం మీద రెండేళ్ళు చిన్నవారైన మామ్మగార్లు మా పేటలో ఉన్నారు. ఆ తేదీ మార్చడానికి రుజువు కావాలి, అదీ ఒక్కసారే మార్చనిస్తారు. బడికే వెళ్ళని మనిషి రుజువు ఎక్కడి నుంచి తెస్తుంది?

ఇవన్నీ వార్డు సచివాలయ సిబ్బందికి నాకంటే బాగా తెలుసు. వాళ్ళను ఎవరూ అడగరు. అందుకే నా మొదటి కోరిక: కొత్త పోర్టల్ తెచ్చినా, ఉన్నదాన్నే మార్చినా, దాన్ని రాష్ట్రమంతా ఒకేరోజు తెరవకండి. అమెరికాలో అక్టోబరు 1 గడువు మెడ మీద ఉంది. మనకు ముహూర్తం తప్ప వేరే గడువు లేదు. పాత గుంటూరులో, తెనాలిలో, మంగళగిరిలో ఒక్కో వార్డు సచివాలయంలో ఒక నెల నడపండి. ఇంజనీర్లు హైదరాబాదులోనో విజయవాడలోనో గాజు గదుల్లో కూర్చుని కాకుండా, తొడిమలు తీసే మనిషి పక్కన కూర్చుని చూడాలి. నమోదు చేసిన ప్రతి ఇంటి పేరూ ఆ నెలలోనే ఆసుపత్రి కంప్యూటర్లో, బీమా కంపెనీ జాబితాలో కనిపిస్తోందో లేదో సరిచూడాలి. అక్కడ కనిపించాకే ఆ ఇంటికి నమోదు పూర్తయిందని సందేశం వెళ్ళాలి. తెర మీద ఆకుపచ్చ టిక్కు పడిన వెంటనే లక్షలు నమోదయ్యాయని ప్రకటించే అలవాటు మానాలి.

తమ కుటుంబం పేరు జాబితాలో ఉందో లేదో ఓటీపీ లేకుండా చూసుకునే వీలు ఇవ్వండి. అందరి వివరాలూ బయటపెట్టమనడం లేదు. రేషన్ కార్డు సంఖ్య వేస్తే ఉంది, లేదు, ఫలానా చోట తప్పుంది అని తెలుగులో చెబితే చాలు. మా దగ్గరకు వచ్చేవారిలో చాలామందికి కావాల్సింది అంతే.

ఇక రెండోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. అమెరికాలో 2014 మార్చి 31తో నమోదు గడువు ముగియాలి. అప్పటికే ప్రయత్నం మొదలుపెట్టి పూర్తిచేయలేకపోయినవారు వరుసలో ఉన్నట్టే లెక్క అని ప్రభుత్వం వారికి అదనపు రోజులు ఇచ్చింది. మన దగ్గర కూడా దరఖాస్తు మధ్యలో ఆగితే ఒక సంఖ్య, ఒక తేదీ ఉన్న రసీదు రావాలి. వేలిముద్ర పడకపోయినా, పేరు సరిపోకపోయినా ఆ రసీదు రావాలి. దిద్దుబాటు పూర్తికాకముందే ఆ మనిషికి గుండెనొప్పి వస్తే, రసీదు మీది తేదీ నుంచి ఆ కుటుంబం పథకంలో ఉన్నట్టే లెక్కించి వైద్యం చేయాలని ఉత్తర్వులో రాయండి. తప్పుడు దరఖాస్తులు వస్తాయని ఆర్థిక శాఖ అభ్యంతరం చెబుతుంది. వస్తాయి, కొన్ని. తరువాత విచారించి వసూలు చేయడానికి ప్రభుత్వం దగ్గర సిబ్బంది ఉన్నారు. ఆసుపత్రి బల్ల ముందు నిలబడ్డ మనిషి దగ్గర ఎవరూ ఉండరు.

మొత్తం పనికి పెద్ద ఎవరో ఒక్క అధికారి పేరు, హోదా ప్రకటించండి. కాగితం దరఖాస్తు దారి మూసేయకండి.

పరీక్ష నెలలో మీ సాంకేతిక సిబ్బంది మా సెంటరుకు రావచ్చు. రెండు కంప్యూటర్లు, ఒక వేలిముద్రల యంత్రం ఉన్నాయి. ఉదయం పది దాటితే పెద్దవాళ్ళు వస్తారు, కరెంటు పోయినా ఓపికగా కూర్చుంటారు. ఫొటోగ్రాఫర్లను మాత్రం తీసుకురావద్దని మనవి, కూర్చోవడానికి చోటు చాలదు.

ఇట్లు,
బ్రాడీపేటలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఒక పౌరురాలు,
గుంటూరు