మా పిల్లలకు మనుషుల పరిచయం కావాలి: నైపుణ్యాభివృద్ధి శాఖ మంత్రి గారికి బెంగళూరు నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ నైపుణ్యాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది కడప జిల్లా. బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేయడం కూడా నా ఉద్యోగంలో భాగమే. ఆదివారాల్లో కొందరు స్నేహితులం కలిసి, మారతహళ్ళిలో ఉద్యోగాలు వెతుక్కుంటున్న మన పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు పెడుతుంటాం. అక్కడ చూస్తున్నది మీ దాకా రావాలని ఈ లేఖ రాస్తున్నాను.

మారతహళ్ళి, మున్నేకొళాల, కుందలహళ్ళి గేటు ప్రాంతాల్లో పీజీలకు, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టళ్లకు వెళ్తే మెట్ల మీదే తెలుగు వినిపిస్తుంది. అనంతపురం, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం జిల్లాల పిల్లలు గదికి ముగ్గురు నలుగురు చొప్పున ఉంటారు. ఏం చేస్తున్నావని అడిగితే "ట్రయల్స్‌లో ఉన్నా అన్నా" అంటారు. పొద్దున కోర్సు, మధ్యాహ్నం నౌకరీ డాట్ కామ్‌లో అప్లికేషన్లు, రాత్రి ఇంటికి ఫోన్. ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు.

వీళ్లకు సబ్జెక్టు రాదని చాలామంది అనుకుంటారు. జావా, ఎస్‌క్యూఎల్ ప్రశ్నలకు బాగానే జవాబు చెబుతారు. "మీ ప్రాజెక్టులో నువ్వు చేసిన పని ఏమిటి?" అని అడిగినప్పుడే చిక్కు. కంఠతా పట్టిన పేరా ఒకటి వస్తుంది, మధ్యలో ఇంకో ప్రశ్న వేస్తే ఆగిపోతుంది. "ఇది నాకు తెలియదు సార్, కానీ ఇలా మొదలుపెడతాను" అని ఒక్క మాట అంటే చాలు, ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఆ పిల్లవాడి ఆలోచన తెలుస్తుంది. మౌనంగా కూర్చుంటే మేం రాసుకోవడానికి ఏమీ ఉండదు.

ఇంగ్లీషు రాకపోవడమే కారణమని మీ అధికారులు చెప్పవచ్చు. అది కొంతవరకే నిజం. మేం చాలామందిని తెలుగులోనే చెప్పమన్నాం. అప్పుడు కూడా తడబడ్డారు. ఎందుకంటే వాళ్లను కూర్చోబెట్టి "నీ అభిప్రాయం చెప్పు" అని అడిగినవాళ్లు లేరు. ఇంట్లో పెద్దల ముందు నోరెత్తకూడదు. ఇంటర్‌లో కార్పొరేట్ హాస్టల్‌లో తెల్లవారింది మొదలు రాత్రి దాకా స్టడీ అవర్స్. ఇంజినీరింగ్‌లో చేరాక మొదటి ఏడాది కమ్యూనికేటివ్ ఇంగ్లీష్ అని ఒక పేపరు, దానికో ల్యాబ్, ఆ ల్యాబ్‌కో రికార్డు. రికార్డు రాస్తే మార్కులు వస్తాయి, మాట్లాడటం రాదు కదండీ.

దీనికి మందు మీ చేతిలో ఇప్పటికే ఉంది. డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలకు మన రాష్ట్రంలో రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. ఊళ్లోకి వెళ్లి కొత్తవాళ్ల గుమ్మం ముందు నిలబడి, వాళ్ల సమస్య అడిగి, విని, రాసుకుని రావాలి. ఎంత చక్కటి ఆలోచన! సాఫ్ట్ స్కిల్స్ పేరుతో వేలకు వేలు ఫీజు తీసుకునే ఏ క్లాసులోనూ ఇది దొరకదు. కానీ మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఆ రిపోర్టును జెరాక్స్ షాపులో తీసుకున్నామనే చెబుతున్నారు. దయచేసి ఆ రిపోర్టుకు మార్కులు తగ్గించండి. దాని బదులు, వేరే కాలేజీ నుంచి వచ్చిన ఇద్దరి ముందు ప్రతి విద్యార్థినీ పది నిమిషాలు మాట్లాడించండి. ఎవరింటికి వెళ్లావు, వాళ్లేమన్నారు, నీకేం అర్థమైంది అని తెలుగులోనే అడగనివ్వండి. ఊళ్లోకి వెళ్లినవాళ్లెవరో, వెళ్లనివాళ్లెవరో రెండు ప్రశ్నల్లో తేలిపోతుంది.

ఇక పరిచయాల సంగతి. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే ఒక విషయం బయటపెట్టారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిని అడిగితే, రోజూ కలిసే ఆప్తుల కన్నా ఎప్పుడో ఒకసారి కలిసే పరిచయస్తుల ద్వారానే ఎక్కువమందికి కబురు అందిందని తేలింది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఉద్యోగ పరిచయాల వెబ్‌సైట్ లింక్డిన్‌లో దాదాపు రెండు కోట్ల మంది వాడకందారులను ఐదేళ్ల పాటు గమనించి, కొద్దిపాటి పరిచయం ఉన్నవాళ్లే ఉద్యోగం మారడానికి ఎక్కువ ఉపయోగపడుతున్నారని చెప్పింది. మన పీజీ గదికి ఇది అక్షరాలా వర్తిస్తుంది. గదిలో నలుగురూ ప్రాణస్నేహితులే, ఒకరి కోసం ఒకరు అప్పు కూడా చేస్తారు. కానీ నలుగురిదీ ఒకే వాట్సాప్ గ్రూపు, నలుగురికీ తెలిసింది ఒకే వాక్-ఇన్ (నేరుగా వెళ్లి హాజరయ్యే ఇంటర్వ్యూ). కొత్త కబురు చెప్పే మనిషి ఆ గదిలో ఎవరూ ఉండరు.

ఆ మనిషి లేని చోటికి ఏజెంటు వస్తాడు. "బ్యాక్‌డోర్" అనే మాట మీరు వినే ఉంటారు. లక్షలు కట్టించుకుని, లేని అనుభవం ఉన్నట్టు కాగితాలు సృష్టించి ఉద్యోగం పెట్టిస్తామంటారు. కొందరు డబ్బు తీసుకుని ఫోన్ ఎత్తరు. కొందరు నిజంగానే పెట్టిస్తారు. ఆ తర్వాత కంపెనీ పీఎఫ్ వివరాలు చూసి, పాత కంపెనీలో అసలు పనిచేయలేదని తేలితే ఉద్యోగం పోతుంది. పొలం తాకట్టు పెట్టిన తండ్రికి ఆ సంగతి చెప్పలేక పండక్కి కూడా ఊరికి వెళ్లని పిల్లలు నాకు తెలుసు. మోసపోయినా పోలీసుల దగ్గరికి వెళ్లరు, దొంగ కాగితాల్లో తమ సంతకం కూడా ఉంటుంది కాబట్టి. వాళ్లు భయపడకుండా ఫిర్యాదు చేసే దారి ఒకటి పెట్టించండి.

చాలా కంపెనీల్లో ఉద్యోగులు తమకు తెలిసినవాళ్ల పేర్లు సూచించవచ్చు. అలా సూచించిన మనిషిని తీసుకుంటే ఆ ఉద్యోగికే బోనస్ ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. ఈ సంగతి మన పిల్లలకు తెలియదు. అడగడమంటే చేయి చాచడమే అనుకుని సిగ్గుపడతారు. చివరికి ధైర్యం చేసి "సర్, ఎనీ ఓపెనింగ్స్" అని మూడు ముక్కలు పంపి ఊరుకుంటారు. కంపెనీ వెబ్‌సైట్‌లో చూసిన ఉద్యోగం నంబరు, దానికి తాను ఎందుకు సరిపోతానో రెండు వాక్యాలు, తన పేరుతోనే సేవ్ చేసిన రెజ్యూమె. ఇవి పంపమని చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. ఫలితం ఏదైనా సరే, సాయం చేసినవాళ్లకు మళ్లీ ఒక మెసేజ్ పెట్టమనీ చెబుతాం. ఎక్కువమంది మరిచిపోయేది అదే. పరిచయం నిలిచేది దానితోనే.

వ్యాపారానికి వచ్చినవాళ్లదీ ఇదే కథ. ఇక్కడ కర్రీ పాయింట్ నడుపుతున్న మన ఆడవాళ్ల వంట గురించి చెప్పక్కర్లేదు. పక్క అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో గానీ, ఎదురుగా ఉన్న ఆఫీసు అడ్మిన్‌తో గానీ ఎవరైనా ఒక్కసారి మాట్లాడిస్తే రోజూ భోజనాల ఆర్డరు రావచ్చు. ఆ మాట్లాడించేవాళ్లే లేరు.

అందుకే మీకు నా మనవి. ప్రతి కాలేజీ తన పాత విద్యార్థుల్లో బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లో పనిచేస్తున్నవాళ్ల జాబితా, వాళ్ల అనుమతితో తయారు చేసేలా ఆదేశించండి. మూడో ఏడాదిలోనే ఒక్కో విద్యార్థికి ఆ జాబితాలోంచి ఇద్దరిని పరిచయం చేయించండి. ఉద్యోగం అడగడానికి మాత్రం కాదు, వాళ్లు రోజూ చేసే పని ఏమిటో తెలుసుకోవడానికి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. నాతో పనిచేసేవాళ్లలో చాలామంది తమ కాలేజీ నుంచి పిలుపు కోసం ఎదురుచూస్తున్నారు, ఇంతవరకు ఎవరూ పిలవలేదు. బెంగళూరులో మన పిల్లలు కూర్చుని మాట్లాడుకోవడానికి శని, ఆదివారాల్లో ఒక హాలు ఇప్పించగలిగితే మిగతాది మేమే చూసుకుంటాం. ఇప్పుడు ఒక స్నేహితుడి ఇంటి మేడ మీద కూర్చుంటున్నాం, వాన వస్తే ఆ వారానికి ఉండదు.

మీ శాఖ నుంచి ఒక అధికారిని ఏదో ఒక ఆదివారం మా దగ్గరికి పంపించండి. ఆ పిల్లలతో ఆయనే మాట్లాడి చూడవచ్చు. జాబితా మొదలుపెట్టడానికి మొదట ఏ కాలేజీ ఎంచుకున్నా సరే, అక్కడి పాత విద్యార్థులను వెతికి ఫోన్లు చేసే పని మేం తీసుకుంటాం.

ఇట్లు,
మారతహళ్ళి నుంచి ఒక కడప జిల్లా ఉద్యోగి