కూడితే తొమ్మిది వస్తే ఏంటంట?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో న్యూమరాలజీకి అరపేజీ ఇస్తున్నారు, చదివేవాళ్లు ఉన్నారు కాబట్టి ఇస్తున్నారు, దానికి నేను అడ్డు చెప్పను. కానీ దాని పక్కనే చిన్న బాక్స్ కట్టి, అంకెల్లో నిజంగా ఉన్న తమాషా కూడా నాలుగు లైన్లు వేయమని అడగడానికే ఈ ఉత్తరం. మా గుంటూరులో ఎవరైనా బండి కొంటే మైలేజీ సంగతి తర్వాత, ముందు నంబరు కూడితే ఎంతొచ్చిందని అడుగుతారు. తొమ్మిది వచ్చిందంటే ఇక చూడాలి ఆ సంబరం! 9999 కోసం వేలంలో లక్షలు పోసేవాళ్లూ ఉన్నారు.

లెక్కల్లో మాత్రం దానికి అర్థం ఒక్కటే, ఆ సంఖ్య తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. అంటే కూడితే తొమ్మిది తేలే సంఖ్య ఏదీ ప్రధాన సంఖ్య (ఒకటితో, తనతో తప్ప దేనితోనూ నిశ్శేషంగా పోనిది) కాదు, కాజాలదు. అదృష్టమో కాదో మీరే తేల్చుకోండి.

ఇప్పుడు 7,39,39,133 చూడండి. ఏడు కోట్ల ముప్ఫై తొమ్మిది లక్షల ముప్ఫై తొమ్మిది వేల నూట ముప్ఫై మూడు (ఏపీ 39 బండ్ల మీద తిరిగే మనకి ఆ ముప్ఫై తొమ్మిది కొత్తేం కాదు). ఇది ప్రధాన సంఖ్య. చివరి 3 కొట్టేస్తే 73,93,913 మిగులుతుంది, అదీ ప్రధాన సంఖ్యే. మళ్లీ చివరిది కొట్టేయండి, 7,39,391. ఆ తర్వాత 73,939, 7,393, 739, 73, 7. అన్నీ ప్రధాన సంఖ్యలే, మధ్యలో ఒక్కటీ ఏ భాజకానికీ దొరకదు. 739 అయితే ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా తేల్చేస్తాడు, 23 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు, ఎందుకంటే 29ని 29తో గుణిస్తేనే 841 అయిపోతుంది. మొత్తం ఎనిమిదంకెల దానికైతే అలా వెయ్యికి పైగా భాగాహారాలు చేయాలి, అది కంప్యూటర్‌కి వదిలేద్దాం.

ఇలా చివర నుంచి తెగ్గొట్టినా నిలిచే సంఖ్యలు మొత్తం 83 మాత్రమే, అన్నిట్లోకీ పెద్దది ఇదే. ఎందుకు ఇక్కడే ఆగిపోయిందంటే, చివర ఇంకో అంకె చేర్చాలంటే సరి అంకె పనికిరాదు, 5 పనికిరాదు, మిగిలినవి 1, 3, 7, 9. ఇప్పుడున్న అంకెల మొత్తం 38. ఒకటి చేరిస్తే 39, మూడుతో పోతుంది. ఏడు చేరిస్తే 45, అంటే నాలుగూ ఐదూ తొమ్మిది, మనవాళ్లు ఎగబడే తొమ్మిదే వచ్చి దీన్ని పడగొట్టింది! 3, 9 చేరిస్తే మూడుని తప్పించుకుంటాయి గానీ అంతకన్నా పెద్ద భాజకాలకి దొరికిపోతాయి.

మీ న్యూమరాలజీ లెక్కన 38 అంటే 11, అంటే 2, చంద్రుడి నంబరు, నిలకడ ఉండదంటారు. ఏడుసార్లు కోసినా చెక్కుచెదరనిదానికి నిలకడ లేదట, బాగుంది.

బాక్స్ కట్టే ఉద్దేశం ఉంటే మొదటి వారానికి ఇంకోటి నేనే ఇస్తున్నా, ఇది ముందు నుంచి ఒక్కో అంకె కొట్టేసుకుంటూ రావాల్సిన రకం, సున్నా లేకుండా ఇలా నిలిచేవాటిలో ఇదే పెద్దది: 357686312646216567629137. మొత్తం 24 అంకెలు, అచ్చులో ఒక్కటి తప్పుపడినా సంగతి మారిపోతుంది, ప్రూఫ్ చూసేవాళ్లకి కాస్త గట్టిగా చెప్పండి.

— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు