ఆ అంబాసిడర్‌ను పొయ్యిలో పెట్టకండి

సంపాదకులు గారికి,

అయ్యా,

మా ఊరి కార్యాలయ ఆవరణలో వేపచెట్టు కింద ఏళ్ల తరబడి పడి ఉన్న తెల్ల అంబాసిడర్‌కు బాడీ మొత్తం పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి పొయ్యిలో కాల్చే పూత) చేయించి, అక్టోబరు 1 నాటికి గేటు పక్కన దిమ్మె మీద నిలబెడతారని పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో రాశారు. ఆ పొద్దే ఉత్తరం రాయబోతే, కోపం చల్లారాక రాయమని ఇంట్లోవాళ్లు ఆపారు. చల్లారే సూచనలు లేవు కనుక ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఒక సవరణ. అది ‘రాజధాని రోజుల్లో ప్రకాశం పంతులు గారు తిరిగిన కారు’ అని మీ విలేకరికి ఎవరు చెప్పారో గానీ, కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది 1953 అక్టోబరు 1న, ఆ హోదా హైదరాబాదుకు తరలిపోయింది 1956 నవంబరు 1న. హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ 1957కు ముందు లేనే లేదు. పుట్టని కారులో పంతులు గారిని ఎక్కించి ఊరంతా తిప్పారు. ఆ బండి చాలామంది అధికారులను, వారి ఫైళ్లను, అప్పుడప్పుడు వారి పిల్లలను మోసిన మాట మాత్రం నిజం, దానికి ఆ గౌరవం చాలు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ చెల్లదన్నాక పాతవన్నీ తుక్కు కింద పోతుంటే, దీన్నొక్కదాన్ని మిగుల్చుకోవాలన్న ఆలోచన వచ్చినందుకు సంబంధిత అధికారులకు దండం పెడతాను. నా పేచీ ఆ ఆలోచనతో కాదు, దాన్ని అమలు చేయబోతున్న తీరుతో.

పౌడర్ కోటింగ్ చెడ్డదని నేను అనడం లేదు. ఐటీఐలో పాతికేళ్లు వర్క్‌షాపు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ మాత్రం తెలుసు. పొడి రంగుకు విద్యుదావేశం ఇచ్చి గన్‌తో చల్లితే ఎర్తింగ్ చేసిన ఇనుమును అది పట్టుకుంటుంది. తరువాత దాన్ని ఓవెన్‌లో పెట్టి ఇనుము 180 నుంచి 200 డిగ్రీల వేడికి చేరాక పది, ఇరవై నిమిషాలు ఉంచితే, పొడి కరిగి ఒక గట్టి తొడుగులా గడ్డకడుతుంది. గేట్లకు, కిటికీ గ్రిల్లులకు, కారు చక్రాల డిస్కులకు అంతకన్నా మంచి పూత లేదు. కానీ కొత్త గ్రిల్లు వేరు, యాభై ఏళ్లు ఎండకు ఎండి, వానకు తడిసి, ఎన్నిసార్లు సొట్టలు తీయించుకుందో లెక్కలేని కారు బాడీ వేరు.

ఆ కారు 2009 అక్టోబరు వరదలో మునిగిందన్న సంగతి మీ వార్తలో ఒక్క ముక్క కూడా లేదు. తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చిన ఆ రోజులు చూసిన వాళ్లెవరికీ ఈ సంగతి చెప్పనక్కర్లేదు. అంబాసిడర్‌కు లారీలాగా ఛాసీ (అడుగు చట్రం) వేరు, బాడీ వేరు ఉండవు. నేల రేకు, పక్క రేకులు, పైకప్పు అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన ఒకే పెట్టె అది. తలుపుల కింద పొడవునా ఉండే గొట్టంలాంటి భాగంలోకి, రేకు మీద రేకు పెట్టి అతికిన సందుల్లోకి దూరిన ఒండ్రు ఈనాటికీ అక్కడే ఉంటుంది, దాని చుట్టూ తుప్పు పట్టి ఉంటుంది. ఆ మూలలకు పొడి చేరదు. ఆవేశం ఉన్న పొడి అంచులను, ఎత్తుగా ఉన్న చోట్లను పట్టుకుంటుంది గానీ పెట్టె లోపలికి, ఇరుకు మూలల్లోకి పోదు. కార్ల కంపెనీల్లో కూడా బాడీని ఓవెన్‌లోనే ఆరబెడతారు కదా అని ఒక ఇంజనీరు గారు వాదించారట. నిజమే. అక్కడ కొత్త ఇనుప బాడీని, అద్దం, రబ్బరు, సొట్టలు పూడ్చే లప్పం ఏదీ తగలకముందే, ప్రైమరు తొట్టెలో నిలువునా ముంచుతారు, ఆ ద్రవం ప్రతి సందులోకీ పారుతుంది, ఆ తరువాతే వేడి. వీరు చేయబోయేది పైపైన చల్లి కాల్చడం. పైన పటారం లోన లొటారం అన్న మాట ఇంత సరిగ్గా అతికే పని ఇంకొకటి దొరకదు.

ఈ మాటలు పుస్తకం చూసి రాస్తున్నవి కావు. వరద తరువాత నా పద్మిని కారు తలుపులు రెండూ, బానెట్టూ ఊరి బయట ఒక షెడ్డులో ఇలాగే చేయించాను. నాకు తెలిసిన పెయింటింగ్ మేస్త్రీ వద్దన్నాడు, నేనే వినలేదు, ఉపాధ్యాయుణ్ణి కదా. ఓవెన్ తలుపు తెరవగానే మాడిన వాసన గుప్పున కొట్టింది. ఎడమ తలుపు కింది భాగంలో, ఎప్పుడో సొట్ట తీసి లప్పం పెట్టిన చోట, జానెడు మేర పూరీ పొంగినట్టు పొంగి ఉంది. చూపుడు వేలుతో నొక్కితే పైపొర పెళుసుగా విరిగి, కింద లప్పం బూడిద రంగులో పొడిపొడిగా రాలింది. “తప్పు మాది కాదు సార్, మీ తలుపుదే” అన్నాడు షెడ్డు యజమాని. ఒక రకంగా ఆయన చెప్పింది సరైనదే. మామూలు లప్పం ఆ వేడికి ఆగదు. కొన్ని పాత బండ్ల అతుకుల మీద సీసం, తగరం కలిపి పూసేవారు, అది 183 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. చివరికి ఆ మేస్త్రీ దగ్గరికే తల దించుకుని వెళ్లాను. కార్లకు గన్‌తో కొట్టే పాత డ్యూకో రంగయితే థిన్నరులో తడిపిన గుడ్డతో దిగిపోతుంది. ఈ తొడుగును దించడానికి ఆయన మూడు రోజులు గ్రైండరు పట్టవలసి వచ్చింది, ఆ మూడు రోజుల్లో నన్ను ఒక్క మాట అనలేదు, అంటేనే బాగుండేది. అదే షెడ్డులో అప్పుడే చేయించిన చక్రాల డిస్కులు మాత్రం నేటికీ నిగనిగలాడుతున్నాయి. ఎక్కడ వాడాలో అక్కడ వాడితే పనికొచ్చే వస్తువే అది.

ఇక ఆ అంచనా పత్రం సంగతి. మీ వార్తతో పాటు వేసిన ఫొటోలో అది చదవడానికి వీలుగానే ఉంది. ‘సాండ్ బ్లాస్టింగ్, పౌడర్ కోటింగ్ (తెలుపు)’ అని ఒక్క వరుస. పైకప్పులాంటి వెడల్పాటి పలుచని రేకు మీద ఇసుకను అంత జోరుగా కొడితే రేకు వంకర తిరుగుతుందని, ఆ ఇసుక సందుల్లో చేరి మళ్లీ తేమ పట్టి కూర్చుంటుందని రాసినవారికి ఎవరైనా చెప్పారా? పౌడరు అంటే ఏ పౌడరు? ఎపాక్సీ పౌడరయితే ఎండకు ఆగదు, సుద్దలా మారి చేతికంటుతుంది. బయట నిలబెట్టే వస్తువుకు పాలియెస్టరు రకం కావాలి. మన కర్నూలు ఎండలో, నీడలేని దిమ్మె మీద నిలబడబోయే కారుకు ఆ తేడా రాయకుండా అంచనా వేశారంటే, రాసినవారు మొహానికి వేసుకునే పౌడరును మనసులో పెట్టుకుని ఉండాలి. దాదాపు 4.3 మీటర్ల పొడవున్న బాడీ పట్టే ఓవెన్ ఈ చుట్టుపక్కల లేదని తెలిశాక, లారీ మీద హైదరాబాదుకు పంపుతారట. రానుపోను రవాణా ఖర్చు మరో వరుసలో రాశారు, దాని అక్షరాలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి.

దిమ్మె మీద పెట్టాక జరిగేది కూడా చెబుతాను. పిల్లలు ఎక్కుతారు, బెల్టు బకిల్సు గీసుకుంటాయి, ఎవరో ఒకరు తాళంచెవితో పేరు చెక్కుతారు. మామూలు రంగయితే మేస్త్రీ వచ్చి ఆ చోటు మాత్రం నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్ది, గన్‌తో కొట్టి, పాలిష్ పెట్టి పోతాడు, ఆరబెట్టడానికి ఎండ చాలు. పౌడరుకు మరమ్మతు చేయాలంటే మళ్లీ ఓవెన్ కావాలి, అంటే మళ్లీ లారీ, మళ్లీ హైదరాబాదు. అలా చేయరు, బ్రష్షుతో ఇనామెలు పూస్తారు. ఆ గీత దగ్గర తొడుగు కిందికి తేమ పాకి, పైకి తెల్లగా కనిపిస్తూనే లోపల రేకు తినేసుకుంటుంది. మా కాలనీ పార్కు గేటుకు మూడేళ్ల క్రితం తుప్పు గోకకుండానే పౌడర్ కోటింగ్ చేయించి, రిబ్బను కత్తిరించి, ఫొటో దిగారు. నేడు ఆ గేటు కింది కమ్మీని పట్టుకుంటే పూత గొట్టంలా ఊడి చేతికి వస్తుంది, కమ్మీ కనిపించదు. ప్రారంభోత్సవం నాటికి మెరిస్తే చాలు, మరునాడు ఎవరు చూస్తారన్న లెక్క తప్ప ఈ కార్యాలయాల్లో వేరే లెక్క వినిపించి చాలా కాలమైంది.

ఈ ఊళ్లో అరచేతిని రేకు మీద ఆనించి, కళ్లు మూసుకుని, సొట్ట ఎక్కడుందో చెప్పగల టింకరింగ్ మేస్త్రీలు ఇంకా ముగ్గురు నలుగురు మిగిలారు. వాళ్లను పిలిచి అడగడానికి టెండరు అక్కర్లేదు. సందులు విప్పి ఒండ్రు కడిగించి, చివికిన రేకు కోసి కొత్తది అతికించి, ఎపాక్సీ ప్రైమరు మీద లప్పం, దానిపైన పీయూ (పాలీయురేథేన్) రంగు కొట్టిస్తే సరిపోతుంది, దాన్ని ఆరబెట్టే బూత్ వేడి 60 డిగ్రీలు దాటదు. పౌడర్ కోటింగ్ మోజు తీరకపోతే చక్రాలకు, బంపరు బ్రాకెట్లకు నిశ్చింతగా చేయించుకోవచ్చు.

బండిని లారీ ఎక్కించేలోపు సంబంధిత అధికారి ఒక్క గంట సమయం ఇస్తే చాలు. మెత్తటి గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని బాడీ వెంట జరుపుకుంటూ పోతే, పలుచని రంగు కింద రేకు ఉన్నచోట అది అతుక్కుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారి కింద పడుతుంది. ఎన్నిచోట్ల పడిందో వారే లెక్కపెట్టుకోవచ్చు. అయస్కాంతం, గుడ్డ నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వర్క్‌షాపు బోధకుడు,
కర్నూలు.