రోమ్ వెళ్తున్నావుగా, బ్యాగులో ఒక చున్నీ పెట్టుకో

బుజ్జీ,

నిన్న ఫోన్‌లో నువ్వు హడావుడిగా ఉన్నావు, చెప్పాలనుకున్న వాటిలో సగం కూడా చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. సెలవుల్లో ఫ్రెండ్స్‌తో రోమ్ వెళ్తున్నాం, చర్చిలన్నీ చూస్తాం అన్నావు కదా. నేనూ మీ పిన్నీ టూర్‌లో వెళ్లినప్పుడు ఎవరూ ముందుగా చెప్పక ఇబ్బంది పడ్డాం. నీకు ఆ ఇబ్బంది వద్దు.

ముందు బట్టల సంగతి. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి, ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఇదే లెక్క. పిన్ని ఆ రోజు స్లీవ్‌లెస్ టాప్ వేసుకుంది. ఎండ మన విజయవాడ ఎండలాగే ఉంది, తననీ ఏమీ అనలేను. ఒక పెద్ద చర్చి బయట గంటకు పైగా క్యూలో నిలబడి, తీరా గుమ్మం దాకా వెళ్లాక ఆపేశారు. పాపం దాని మొహం చూడాల్సింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చేతులున్న కుర్తీలో ఉన్నాను కాబట్టి నా చున్నీ తీసి తనకి రెండు భుజాల మీదుగా కప్పాను, అప్పుడు వదిలారు. అందుకే చెప్తున్నాను, పల్చటి కాటన్ చున్నీ ఒకటి రోజూ బ్యాగులో ఉండాలి. జీన్స్ మీద కుర్తీ అయితే అసలు టెన్షనే లేదు, కానీ మోకాళ్ల దగ్గర చిరుగులున్న ఆ జీన్స్ మాత్రం రూమ్‌లో వదిలెయ్. నీతో వచ్చే అబ్బాయిలకి కూడా షార్ట్స్ వద్దని, లోపలికి వెళ్లగానే టోపీ తియ్యాలని చెప్పు. చెప్పులు మాత్రం విడవక్కర్లేదు. మన దగ్గర చాలా చర్చిల్లో బయటే విడిచి వెళ్తాం కదా, నాకు ఆ అలవాటు కొద్దీ ప్రతి గుమ్మం దగ్గరా కాళ్లు ఆగిపోయేవి.

వాటికన్‌లోని పెద్ద చర్చి, సెయింట్ పీటర్స్ బసిలికాలోకి వెళ్లడానికి టికెట్ లేదు, ఎయిర్‌పోర్టులోలాగా సెక్యూరిటీ చెకింగ్ ఉంటుంది, ఆ క్యూ పెద్దది. పొద్దున్నే వెళ్లిపో, కానీ బుధవారం పొద్దున వద్దు, పోప్ గారు జనానికి దర్శనమిచ్చేది సాధారణంగా అప్పుడే. సూట్‌కేసుతో లోపలికి రానివ్వరు, రైలు దిగగానే సామాను స్టేషన్‌లోనో రూమ్‌లోనో పెట్టేసి వెళ్లండి. లోపలికి అడుగుపెట్టగానే కుడిచేతి వైపు మేరీమాత ఒడిలో యేసు ఉన్న పాలరాతి శిల్పం ఉంటుంది, మైఖెలాంజిలో చెక్కింది. 1972లో ఒకడు సుత్తితో కొట్టాడట, అప్పట్నుంచీ అద్దం వెనకే ఉంచారు. ఇంకొంచెం ముందుకెళ్తే పేతురు గారి కంచు విగ్రహం, వందల ఏళ్లుగా భక్తులు తాకీ తాకీ ఆ కుడి పాదం వేళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. పాదాలు తాకడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా, నేనూ తాకాను. డోమ్ ఎక్కాలనుకుంటే మొత్తం 551 మెట్లు. లిఫ్ట్ ఎక్కినా ఇంకా 320 ఉంటాయి, పైకి పోయేకొద్దీ దారి ఇరుకై గోడ మీదకి ఒరుగుతుంది. మీ నాన్నలాగా ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు మీలో ఉంటే కిందే ఉండమను.

కప్పు మీద మైఖెలాంజిలో బొమ్మలు వేసిన సిస్టైన్ చాపెల్ బసిలికాలో ఉంటుందని నేను అనుకున్నాను. కాదు, వాటికన్ మ్యూజియం గుండా వెళ్లాలి, దాని గేటు గోడ చుట్టూ తిరిగి అటువైపు ఉంటుంది, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకో. ఆదివారాలు మూసేస్తారు, నెలలో చివరి ఆదివారం మాత్రం ఫ్రీ, ఆ రోజు జనం విపరీతం. అక్కడ ఫోటోలు అస్సలు తియ్యకూడదు, మాట్లాడకూడదు. 2025 మేలో కొత్త పోప్‌ని ఎన్నుకున్నది ఆ గదిలోనే. ఓటేసిన కార్డినల్స్‌లో మన హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల అంతోని గారు కూడా ఉన్నారు. తెలుగాయన ఆ కప్పు కింద కూర్చున్నారని తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరించింది.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పాలనుకున్నది ఇది. ఒకరోజు మధ్యాహ్నం పేరు కూడా గుర్తులేని చిన్న చర్చిలోకి వెళ్లాం. గోడ మీద బొమ్మ బాగుందని మేమిద్దరం దాని ముందు నిలబడి ఒకరి తర్వాత ఒకరం ఫోటోలు తీసుకుంటున్నాం. వెనక్కి తిరిగితే ఒక ముసలావిడ మోకాళ్ల మీద ఉంది, చేతిలో జపమాల. ఆవిడ దణ్ణం పెట్టుకునే చోట మేం అడ్డంగా ఉన్నాం. ఏమీ అనలేదు, మెల్లగా లేచి, బెంచీ పట్టుకుని పక్కకి జరిగి మళ్లీ మోకరించింది. గర్భగుడి ముందు ఎవరో అడ్డంగా నిలబడి సెల్ఫీ దిగితే అమ్మమ్మకి ఎలా ఉంటుందో నాకు ఆ క్షణంలో తెలిసింది. నువ్వు ఫోన్ తీసేముందు ఒకసారి వెనక్కి చూడు, అంతే. పాపసంకీర్తనం, అంటే ఫాదర్‌కి పాపాలు చెప్పుకోవడం, చేసే చెక్క గదుల దగ్గర, సమాధుల దగ్గర అసలు తియ్యకు. సాంతా మారియా మజ్జోరే అనే చర్చిలో పోప్ ఫ్రాన్సిస్ సమాధి ఉంది, రాతి మీద పేరొక్కటే చెక్కారు, అక్కడ ఊరికే ఒక నిమిషం నిలబడు.

పూజ జరుగుతుంటే వెనక బెంచీలో కూర్చోవచ్చు, అందరూ లేచినప్పుడు లేవాలి. చివర్లో అందరూ లైన్ కట్టి ఫాదర్ దగ్గర తెల్లటి అప్పం తీసుకుంటారు. నువ్వు వెళ్లకు. మన క్యాథలిక్కులు దాన్ని దివ్యసత్ప్రసాదం అంటారు, ప్రసాదం అన్న మాట వినగానే మనవాళ్లు భక్తిగానే చెయ్యి చాపుతారు, కానీ అది వాళ్ల మతంలో ఉన్నవాళ్లే తీసుకునేది. కూర్చుని ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు. గుమ్మం దగ్గర పాత్రలో నీళ్లు దీవించిన నీళ్లు, చేతులు కడగడానికి కాదు. స్కాలా సాంతా అని, యేసు ఎక్కినవని భక్తులు నమ్మే 28 మెట్లుంటాయి, వాటిని మోకాళ్ల మీదే ఎక్కాలి, నడిచేవాళ్లకి పక్కన వేరే మెట్లున్నాయి.

చిన్న చర్చిలు చాలావరకు మధ్యాహ్నం మూసేసి మళ్లీ సాయంత్రం తెరుస్తారు, ఎండలో తిరక్కుండా ఆ టైంలో తిని కాసేపు పడుకోండి. చిల్లర యూరోలు దగ్గర ఉంచుకో. కొన్ని చోట్ల కాయిన్ వేస్తేనే బొమ్మ మీద లైటు వెలుగుతుంది. ఇంకొకటి, అమ్మమ్మ ప్రతి ఫిబ్రవరిలో గుణదల కొండెక్కి మేరీమాతకి కొబ్బరికాయ కొడుతుందని తెలుసుగా, తన పేరు మీద ఒక కొవ్వొత్తి వెలిగించమంది. చాలా చోట్ల బల్బు కొవ్వొత్తులే ఉంటాయి, నిజంది దొరికిన చోటే వెలిగించు. ఫోటో అక్కర్లేదట, ఏ చర్చో పేరు చెప్తే చాలంది.

అమ్మ